రిజిస్టర్‌లో ఆ ‘2’ అంకె

హైదరాబాద్, ఉప్పల్ వైపు నుంచి ఒకమ్మాయి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 28, బ్యాంకులో ఉద్యోగం. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న కథోలిక కుటుంబం వాళ్లది. ఆమె, మేనత్త కొడుకు ఒకరినొకరు ఇష్టపడ్డారు. రెండిళ్లలోనూ సరేనన్నారు. క్రిస్మస్ అయ్యాక, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం రాకముందే పెళ్లి చేద్దామనుకున్నారు.

గుడిలో ఇవ్వడానికి జ్ఞానస్నాన సర్టిఫికెట్ కావాలి. ఆమెకు జ్ఞానస్నానం సొంతూళ్లోనే ఇప్పించారు కాబట్టి నాన్నగారు ఊరికి వెళ్లారు. తోడుగా పెదనాన్న కొడుకు వెళ్లాడు. విచారణ (పారిష్) ఆఫీసులో పాత పెళ్లిళ్ల పుస్తకం కూడా అడిగి తీయించుకుని, 1957లో జరిగిన నాయనమ్మ, తాతయ్యల పెళ్లి పేజీని ఫోన్‌లో ఫోటో తీశాడు. వరసలో చివరి గడిలో లాటిన్ మాటలు పొట్టిగా కత్తిరించి రాసి ఉన్నాయి: ‘డిస్ప్. కోన్‌సాంగ్.’, ఆ పక్కన 2 అంకె. ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో పెట్టి కింద ఇలా రాశాడు: “ఇది రక్తసంబంధం గురించి. రెండో డిగ్రీ అంటే అన్నాచెల్లెళ్లు. నెట్‌లో చూశాను, చర్చి చట్టంలో దీనికి ఎవరూ ఎప్పుడూ అనుమతి ఇవ్వరని ఉంది. మరి వీళ్ల పెళ్లి ఎలా అయింది?” మర్నాడు ఇంకో ఫోటో పెట్టాడు. అది ముత్తాతగారి రెండో పెళ్లి, 1931. అందులో ‘అఫినితాస్, 1’ అని ఉంది. దానికీ ఏదో అర్థం తీశాడు.

అప్పటినుంచి ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. మేనత్త ఏడ్చి ఫోన్ పెట్టేశారు. నాన్నగారు ఆ విషయం ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతున్నారు. 87 ఏళ్ల నాయనమ్మ వీళ్లతోనే ఉంటారు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు కానీ, తను గదిలోకి రాగానే అందరూ మాట ఆపేస్తున్నారని గమనించారు. “నా గురించేనా?” అని మొన్న మనవరాలినే అడిగారట. ఉత్తరంలో ఆవిడ గురించి ఒక పేరా ఉంది. గోంగూర ఒలుస్తూ కూర్చుని, “మా మేనత్త అయితే కాడతో సహా దంచేది, నాకు కొత్తకోడలప్పుడు అదే నేర్పింది” అంటూ చెప్పుకుపోతారని.

ఇంకో చిక్కు వాళ్ల అమ్మగారితో వచ్చింది. “మీ ఇద్దరి ఇంటిపేర్లు వేరు. ఇక్కడి ఫాదర్‌గారికి మీరు చుట్టాలని తెలియదు. అడిగితే లేదని చెప్పండి. చెబితే మళ్లీ ఆ పుస్తకాలన్నీ తవ్వుతారు” అంటున్నారు. బావకు అది ఇష్టం లేదు. పైగా బావ వాళ్ల అక్క బాబుకు పుట్టుకతోనే వినపడదు. “ఇవన్నీ ఆ పెళ్లిళ్ల ఫలితమే” అని ఒక పెద్దాయన గ్రూప్‌లో అనేశాడట. ఆమె అడిగినవి నాలుగు ప్రశ్నలు. నాయనమ్మ, తాతయ్య నిజంగా అన్నాచెల్లెళ్లా? వాళ్ల పెళ్లి చెల్లుతుందా? మేం చుట్టరికం చెప్పాలా, దాచాలా? అసలు మేం పెళ్లి చేసుకోవచ్చా?

అమ్మా, ముందు మీ గుండెల మీద బరువు దించుతాను. మీ నాయనమ్మ, తాతయ్య అన్నాచెల్లెళ్లు కారు, బావామరదళ్లు. మీ అన్నయ్య చదివిన అంకె సరైనదే. నెట్‌లో చదివిన నియమం కూడా సరైనదే. కాకపోతే ఆ అంకె ఒక కాలానిది, ఆ నియమం ఇంకో కాలానిది. మధ్యలో లెక్కపెట్టే పద్ధతి మారిపోయింది.

వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. 1957లో చర్చి వాడుకలో ఉన్న లెక్క ఇది: ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుల దగ్గరికి ఒక వైపు నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో అంతే డిగ్రీ. అన్నాచెల్లెళ్లకు అమ్మానాన్నలే ఉమ్మడి, ఒక్క మెట్టు, కాబట్టి ఒకటో డిగ్రీ. మేనత్త, మేనమామ పిల్లలకు తాతా అవ్వా ఉమ్మడి. అమ్మ లేదా నాన్న ఒక మెట్టు, తాత రెండో మెట్టు. అందుకే రెండో డిగ్రీ. వాళ్ల పిల్లలకు మూడు. 1983లో కొత్త చర్చి చట్టం వచ్చినప్పుడు ఈ పద్ధతి తీసేసి, పాత రోమన్ లెక్క తెచ్చారు. ఇందులో రెండు వైపుల మెట్లూ కలిపి లెక్కపెట్టాలి. అన్నాచెల్లెళ్లకు ఒకటీ ఒకటీ రెండు. మేనత్త, మేనమామ పిల్లలకు రెండూ రెండూ నాలుగు. అంటే ఈరోజు ‘రెండో డిగ్రీ’ అంటే అన్నాచెల్లెళ్లే, దానికి అనుమతి ఎప్పటికీ లేదని 1078వ నియమం చెబుతుంది. కానీ 1957లో అదే మాటకు అర్థం తాతలు ఒకరైన పిల్లలు. పాత రిజిస్టర్ చేతికొచ్చిన చాలామంది ఈ చోటే బోల్తా పడతారు. మీ అన్నయ్యది అబద్ధం కాదు, తొందరపాటు.

మీరింకో ప్రశ్న అడగవచ్చు. రెండో డిగ్రీ అంటే తాత ఒకరే అని తేలింది, మరి మేనరికమే అని ఎలా చెప్పగలను? ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే రిజిస్టర్ ఈ తేడా చెప్పదు. మనకు మేనమామ కూతురు మరదలు, పెదనాన్న కూతురు అక్క. ఒకరితో పెళ్లి ముచ్చట, ఇంకొకరితో ఆ ఆలోచనే పాపం. చర్చి లెక్కకు ఇద్దరూ ఒకటే. రక్తం దూరం సమానమైతే అంకె కూడా సమానమే. మన వరసలు ఆ గడిలో పట్టవు. కాబట్టి వరస తెలుసుకోవాలంటే ఆ గడి వదిలి వేరే చోట వెతకాలి.

ఆ వెతుకులాట మీ ఉత్తరంలోనే అయిపోయింది. నాయనమ్మ తన అత్తగారిని ‘మా మేనత్త’ అంటారని మీరే రాశారు. మన ఇళ్లలో భర్త తల్లిని ఎవరైనా అత్త అంటారు, కానీ మేనత్త అని తండ్రి అక్కనో చెల్లినో మాత్రమే అంటారు. పెళ్లికి ముందు నుంచీ ఆవిడ మేనత్త, పెళ్లయ్యాక అత్తగారు. అంటే తాతయ్య తల్లి, నాయనమ్మ తండ్రి తోబుట్టువులు. వాళ్లిద్దరి తల్లిదండ్రులే ఆ ఉమ్మడి తాతా అవ్వా. సరిగ్గా రెండు మెట్లు. గోంగూర ఒలుస్తూ ఆవిడ అన్న మాటకూ, చివరి గడిలో ఫాదర్‌గారు వేసిన అంకెకూ అక్షరాలా లెక్క కుదిరింది. ఇంకా రూఢి కావాలంటే ఆ తోబుట్టువులిద్దరి జ్ఞానస్నానాల నమోదులు అదే గుడిలో ఉంటాయి. తల్లిదండ్రుల పేర్లు పోల్చి చూడండి. కాకపోతే జాగ్రత్త. మన పాత రిజిస్టర్లలో రాయప్పలు, చిన్నప్పలు, ఇన్నయ్యలు, శౌరిలు, మరియమ్మలు తరతరానికీ మళ్లీ మళ్లీ వస్తారు. తాత పేరే మనవడికి. ఒక పేరు దొరకగానే మనవాడే అనుకోకుండా ఇంటిపేరు, తండ్రి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు మూడూ చూడండి.

ఇంకొక మాట. 1957 నాటికి గుంటూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, ఏర్పడి పదిహేడేళ్లు. అప్పటి బిషప్ ముమ్మడి ఇగ్నేషియస్‌గారు తెలుగువారు. మేనరికం అంటే ఏమిటో, వరస తప్పితే ఏమిటో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఊరంతటి ముందు జరిగిన పెళ్లి అది. అంతకుముందు గుడిలో పెళ్లి ప్రకటన చదివి, ‘ఆటంకం తెలిసినవాళ్లు చెప్పండి’ అని అడుగుతారు. నిజంగా అన్నాచెల్లెలు వరస అయితే మొదటి ఆదివారమే ఊరు లేచేది.

ఇక పెళ్లి చెల్లుతుందా అన్న ప్రశ్న. ఆ గడిలో ‘డిస్ప్.’ అని ఉండడమే చెల్లుతుందనడానికి రుజువు. డిస్పెన్సేషన్ అంటే మినహాయింపు. చుట్టరికం ఉందని చెప్పుకున్నారు, అనుమతి అడిగారు, వచ్చింది, ఫాదర్‌గారు రాశారు. మీ ఇంట్లో ఆ వాక్యాన్ని నేరం రాసిన కాగితంలా చూస్తున్నారు. నిజానికి అది మీ తాత, నాయనమ్మల నిజాయితీకి సాక్ష్యం. దయచేసి ఈ సంగతి మీ మేనత్తకు ముందు చెప్పండి. అందరికంటే ఆవిడ మనసే ఎక్కువ నలిగింది.

ఈ రాతలు ఎందుకు అంత ఎక్కువగా కనిపిస్తాయో కూడా తెలుసుకుంటే మీ నాన్నగారికి ఊరట కలుగుతుంది. పెళ్లిళ్లు పుస్తకంలో ఎక్కించాలని చర్చి పెద్దల ట్రెంట్ సభ 1563లో శాసించింది. అంతకు చాలా ముందే, 1215లో, నాలుగో లాటరన్ సభ దగ్గరి చుట్టాల పెళ్లి మీద నిషేధాన్ని ఏడో డిగ్రీ నుంచి నాలుగుకు తగ్గించింది. పాత లెక్కలో నాలుగు! అంటే ముత్తాత తండ్రి ఒకరైనా మినహాయింపు కావాల్సిందే. 1918లో అమల్లోకి వచ్చిన చట్టం దాన్ని మూడుకు దించింది. ఇప్పుడు మన దగ్గరి సంగతి ఆలోచించండి. గుంటూరు, పల్నాడు వైపు పాత కథోలిక ఊళ్లు కొన్నే. అదే మతం, అదే కులం, నాలుగైదు ఊళ్ల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడం. ఏ ఇంటికి వెళ్లినా మూడు తరాల్లో ఎక్కడో ఒక చోట కలుస్తారు. రోమ్ కూడా ఈ కష్టాన్ని గుర్తించింది. మినహాయింపుకు తగిన కారణాలేమిటో 1877లో మిషన్ల వ్యవహారాలు చూసే శాఖ పదహారు రాసి పంపింది. వాటిలో మొట్టమొదటిది ‘చోటు ఇరుకు’. అంటే ఆ ఊళ్లో చుట్టం కాని తగిన సంబంధం దొరకదు అని. పిల్లకు 24 దాటడం, కట్నం చాలకపోవడం కూడా అందులో ఉన్నాయి. చదివితే మన పల్లెటూరి పెళ్లిమాటలు విన్నట్టే ఉంటుంది.

1931 సంగతి రెండు మాటల్లో చెబుతాను. అఫినితాస్ అంటే రక్తం కాదు, పెళ్లి వల్ల వచ్చిన చుట్టరికం. ఒకటో డిగ్రీ అంటే భార్య తోబుట్టువు. మీ ముత్తాతగారు మొదటి భార్య పోయాక ఆమె చెల్లెల్ని చేసుకుని ఉంటారు. పిల్లలకు సవతి తల్లి పరాయిది కాకూడదని మన ఊళ్లలో ఎప్పటినుంచో చేసిన పనే. అప్పట్లో దానికి మినహాయింపు కావాలి, 1983 నుంచి అక్కరే లేదు. దరఖాస్తు కాగితం చూడాలనిపిస్తే గుంటూరులో వెతక్కండి. 1940కి ముందు ఆ ప్రాంతం నెల్లూరు మేత్రాసనంలో, 1928కి ముందు మద్రాసు కింద ఉండేది.

ఇప్పుడు మీ సంగతి. ఇదే అసలైనది, దీని మీదే ఎక్కువసేపు కూర్చోవాలి.

మీరు, బావ కొత్త లెక్కలో నాలుగో డిగ్రీ. 1091వ నియమం నాలుగో డిగ్రీ దాకా పెళ్లిని అడ్డుకుంటుంది. ఆ ఆటంకం తీసే అధికారం స్థానిక బిషప్‌కు ఉంది. మీకైతే హైదరాబాద్ అగ్రపీఠం, అంటే ఇక్కడి ఆర్చ్‌బిషప్. మీరు రోమ్‌కు రాయనక్కర్లేదు, బిషప్ ఆఫీసు దాకా పరిగెత్తనక్కర్లేదు. మీ విచారణ గురువుకు చెబితే ఆయనే దరఖాస్తు రాసి పంపుతారు. వంశవృక్షం గీసి, కారణాలు రాయాలి. అది మీ దగ్గర ఇప్పటికే సగం తయారుగా ఉంది.

అమ్మగారు చెప్పినట్టు దాస్తే ఏమవుతుంది? పెళ్లికి ముందు వివరాలు రాసుకునేటప్పుడు ఫాదర్‌గారు మిమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి చుట్టరికం ఉందా అని అడుగుతారు. మీరు లేదని సంతకం పెడతారు. పెళ్లి ఘనంగా అవుతుంది. కానీ మినహాయింపు లేని ఆటంకం పెళ్లిని చెల్లకుండా చేస్తుంది. దాచారా, తెలియక చెప్పలేదా అన్నదానితో పని లేదు. అంటే మీ అన్నయ్య ఈరోజు నాయనమ్మ పెళ్లి గురించి తప్పుగా అన్న మాట, రేపు మీ పెళ్లి విషయంలో నిజమవుతుంది. పైగా అది దాగదు. పెళ్లయ్యాక ఆ సంగతి మీ జ్ఞానస్నానం జరిగిన గుడికి తెలియజేస్తారు, అక్కడ మీ పేరు పక్కన మార్జిన్‌లో రాస్తారు. మీ ఊళ్లో ఆ పుస్తకం తెరిచేవాళ్లకు మీ మేనత్త ఎవరో, బావ ఎవరి కొడుకో తెలియదా? తర్వాత సరిచేసుకునే దారులు చర్చిలో ఉన్నాయి, కాదనను. మినహాయింపు తెచ్చుకుని మళ్లీ సమ్మతి చెప్పుకోవచ్చు. కానీ మొదటి రోజే అబద్ధంతో మొదలుపెట్టి, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు తేలుస్తారన్న టెన్షన్‌తో బతకడం మీకు వద్దని నా మనసు గట్టిగా చెబుతోంది.

చెబితే ఏమవుతుంది? ఆలస్యం కావచ్చు. మీరు అనుకున్న ముహూర్తం వెనక్కి జరగవచ్చు, తపస్సుకాలం అడ్డం వస్తే ఈస్టర్ దాటవచ్చు. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ గురించి బాధ ఉంటుంది. ఫాదర్‌గారు ఎందుకు అని గుచ్చి అడగవచ్చు, డాక్టర్‌ని కలవమనవచ్చు. బిషప్ తప్పనిసరిగా ఇవ్వాలనేమీ లేదు, కాదనే అవకాశం కూడా ఉంది. అందుకే హాలు ఖాయం చేసే ముందే, ఈ వారమే వెళ్లండి. మీరిద్దరూ కలిసి వెళ్లండి, వెంట అమ్మగారిని తీసుకెళ్లండి. ఆవిడ అబద్ధాలకోరు కాదు. పుస్తకం ఒక్కసారి తెరిస్తేనే ఇంత గొడవైంది, మళ్లీ తెరిస్తే పెళ్లే ఆగిపోతుందేమో అన్న భయం ఆవిడది. ఆ ‘2’ లెక్క ఆవిడకు అర్థమైతే సగం భయం పోతుంది. మిగతా సగం ఫాదర్‌గారి ఎదుట కూర్చుని మాట్లాడాక పోతుంది.

మూడో దారి కూడా కొందరు చెబుతారు, రిజిస్ట్రార్ ఆఫీసులో చేసేసుకోండి అని. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో మేనత్త కొడుకు, మేనమామ కూతురు నిషిద్ధ వరసల పట్టికలో ఉన్నారు. ఇద్దరిలో ఒకరి ఆచారం ఒప్పుకుంటే మాత్రం చేసుకోవచ్చు. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. కానీ చర్చి దృష్టిలో కథోలికులకు అది పెళ్లి కాదు, మీ నాయనమ్మకూ కాదు. మీకు గుడిలో పెళ్లి ముఖ్యం కాకపోతేనే ఆ దారి ఆలోచించండి. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు. ఇక గుడిలో మినహాయింపుతో జరిగిన పెళ్లికి దేశ చట్టం ముందు ఇబ్బంది ఉంటుందేమోనన్న భయం అక్కర్లేదు. కథోలికుల విషయంలో దగ్గరి చుట్టరికానికి వర్తించేది వాళ్ల చర్చి చట్టమే, చర్చి మినహాయిస్తే ఆటంకం తొలగినట్టేనని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది.

పిల్లల ఆరోగ్యం గురించి మీరు నాలుగు వాక్యాలే రాశారు. నాకు మాత్రం అందులోనే మీ అసలు భయం కనిపించింది.

ముందు ఆ పెద్దాయన మాట పక్కన పెట్టండి. ‘ఫలితం’ అనేది శాపంలా వినిపించే మాట. వైద్యంలో అలాంటిది లేదు. మనందరిలోనూ పనిచేయని జన్యువులు కొన్ని ఉంటాయి, జతలో రెండోది బాగుంటే ఏమీ కాదు. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే, ఒక్కో కాన్పులో నాలుగో వంతు అవకాశం బిడ్డకు రెండూ లోపమున్నవే రావడానికి. దగ్గరి చుట్టాల్లో ఆ ‘ఒకే లోపం’ ఉమ్మడి తాత నుంచి ఇద్దరికీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే భయం. ఎంత ఎక్కువ? ఏ దంపతులకైనా బిడ్డకు పుట్టు లోపం ఉండే అవకాశం నూటికి రెండు, మూడు. మేనరికంలో దానికి ఇంకో రెండు, మూడు కలుస్తాయి. అంటే నూటికి తొంభై నాలుగు నుంచి తొంభై ఆరు కాన్పుల్లో ఏ లోపమూ ఉండదు. ఇది చిన్నదా పెద్దదా అన్నది మీ ఇద్దరి మనసు చెప్పాలి, నేను చెప్పలేను.

మీ ఇంట్లో ఒక మెలిక ఉంది. మీ నాన్నగారు, మేనత్త కూడా మేనరికంలో పుట్టినవాళ్లే. అందుకే గ్రూప్‌లో ‘రెండింతలు ప్రమాదం’ అని ఎవరో అన్నారని రాశారు. రెండింతలు కాదు. మామూలు మేనరికంలో పుట్టే బిడ్డకు ఒక జన్యువు రెండు వైపుల నుంచీ అదే పూర్వీకుడిది వచ్చే అవకాశం ఆరుంపావు శాతం. మీ తాత, నాయనమ్మల చుట్టరికం కూడా కలిపితే, మీ అమ్మగారి వైపు, మామయ్య వైపు ఇంకే చుట్టరికమూ లేదనుకుంటే, అది సుమారు ఏడు శాతం అవుతుంది. అంతే తేడా. బయటి సంబంధం చేసుకుంటే మీ పిల్లలకు ఈ లెక్కే రాదు. నాయనమ్మ పెళ్లి వల్ల మీలో ఏదో చెడు పేరుకుపోయిందనుకోవద్దు, అలా పేరుకోదు.

కానీ ఆ బాబు వినికిడి సంగతి అలా వదిలేయకండి. పుట్టు చెవుడుకు కారణాలు చాలా, జన్యువులు వాటిలో ఒకటి. ఆ బాబుకు కారణం జన్యువే అయితే, అది మీ బావలోనూ మీలోనూ నిశ్శబ్దంగా ఉండవచ్చు. అందుకని ముందు మీరిద్దరూ గుడ్డిగా వంద టెస్టులు చేయించుకోవద్దు. ఆ బాబుకు జన్యు పరీక్ష అయిందా అని బావ అక్కను అడగండి. కాకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆ బాబులో ఏ జన్యువో తేలితే, మీ ఇద్దరిలో అది ఉందో లేదో చూడడం తేలిక. హైదరాబాద్‌లో ఉన్నందుకు ఈ విషయంలో మీకు మంచి వసతి ఉంది. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగం ఉంది, మీ ఉప్పల్‌లోనే డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. వెళ్లేటప్పుడు వంశవృక్షం, ఆ 1957 పేజీ ఫోటో పట్టుకెళ్లండి. డాక్టర్‌కు ఆ పేజీ పనికొస్తుంది. ఇటలీలో పార్మా లోయ గుళ్ల పుస్తకాలు, ఇలాంటి మినహాయింపు కాగితాలే ముందేసుకుని కవల్లి-స్ఫోర్జా అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి జన్యువుల మీద పనిచేశాడు. మీ ఇంట్లో గొడవకు కారణమైన ఆ గడి, మీ పిల్లల విషయంలో ముందుజాగ్రత్తకు పనికొస్తుంది.

పరీక్షల తర్వాత ఇద్దరిలో ఒకే లోపం ఉందని తేలితే? అప్పుడూ తలుపులన్నీ మూసుకుపోవు. పెళ్లి చేసుకుని ఆ నాలుగో వంతు సంగతి తెలిసి సిద్ధపడేవాళ్లున్నారు, దత్తత తీసుకునేవాళ్లున్నారు, విడిపోయి బావామరదళ్లుగానే మిగిలినవాళ్లున్నారు. ఏదైనా పెళ్లికి ముందు తెలిస్తే నిర్ణయం మీది. తర్వాత తెలిస్తే ఒకరినొకరు నిందించుకునే ప్రమాదం. అందుకే ఫాదర్‌గారి దగ్గరికి, డాక్టర్ దగ్గరికి ఒకే నెలలో వెళ్లమంటాను. వద్దనుకుంటే కూడా అందులో చిన్నతనం లేదు. ‘మాటిచ్చాం’ అన్న ఒక్క కారణంతో ముందుకెళ్లకండి.

గ్రూప్‌లో ఏం రాయాలన్నది కూడా చెబుతాను. మీరు రాయకండి. మీ నాన్నగారితో రాయించండి, అది ఆయన తల్లిదండ్రుల విషయం. రెండు ముక్కలు చాలు: “1957లో చర్చి లెక్క వేరు. అప్పటి రెండో డిగ్రీ అంటే మేనత్త, మేనమామ పిల్లలు. అమ్మ తన మేనత్త కొడుకునే చేసుకుంది, బిషప్‌గారి అనుమతితో.” అన్నయ్యను అక్కడ దులపొద్దు. విడిగా ఫోన్ చేసి ఈ మెట్ల లెక్క చెప్పండి. పాత కాగితాలంటే ఆసక్తి ఉన్న కుర్రాడు. ఆ జ్ఞానస్నానాల నమోదులు పోల్చే పని అతనికే అప్పగించండి. తప్పు తనే దిద్దుకుంటే అందరి ముందూ తలెత్తుకోగలడు.

చివరికి నాయనమ్మ. ‘నా గురించేనా’ అని అడిగిన మనిషికి ‘ఏం లేదులే’ అని చెప్పకండి. 87 ఏళ్ల ఆవిడ, ఆ మాట అబద్ధమని ఆవిడకు తెలుసు. జరిగిన గొడవంతా చెప్పనక్కర్లేదు. మీ నాన్నగారు బయటికి వెళ్లిన వేళ చూడకండి, ఆయన కూడా పక్కనే ఉండాలి. కళ్లద్దాలు తెచ్చిచ్చి, ఫోన్‌లో ఆ పేజీ పెద్దది చేసి చూపించండి. లాటిన్ గడి కాదు, ముందు ఆవిడ పేరు చూపించండి. పక్కన ఆవిడ వేలిముద్ర ఉందని రాశారు కదా, అది చూపించండి. “తాతయ్య నీకు ఏమవుతాడు నాయనమ్మా, పెళ్లికి ముందు?” అని అడగండి. ఆవిడ చెప్పే జవాబును ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వంశవృక్షంలో అదే రాయాలి. అనుమతి కోసం తండ్రి ఎవరి దగ్గరికి వెళ్లాడో, ఎన్నాళ్లు పట్టిందో, ఈలోపు ఇంట్లో ఏమనుకున్నారో ఆవిడకు గుర్తుండే ఉంటుంది. మీరు ఇప్పుడు ఎదుర్కొంటున్న పనే ఆవిడ పద్దెనిమిదేళ్లప్పుడు ఎదుర్కొంది. మీ పెళ్లి కాగితాల విషయంలో మీ ఇంట్లో అందరికంటే అనుభవం ఉన్న మనిషి ఆవిడే.